పరాయి దేశంలో మన రోజుల లెక్క: నెల్లూరు, ఒంగోలు వైపు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కావలిలో నాకొక జిరాక్స్ షాపు ఉంది. ఆన్‌లైన్ అప్లికేషన్లు కూడా పెడుతుంటాం. పాస్‌పోర్టు పేజీలు మెషిన్ మీద ఉండగానే పక్కన నిలబడి అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "మావాడు పోయి ఐదేళ్లు దాటింది, ఇంకా పీఆర్ రాలేదేందబ్బా?" (పీఆర్ అంటే ఆ దేశంలో శాశ్వతంగా ఉండే అనుమతి.) వింజమూరు నుంచి వచ్చినవాళ్లూ అదే అడుగుతారు, సింగరాయకొండ నుంచి వచ్చినవాళ్లూ అదే అడుగుతారు.

నేను లాయర్ని కాను. కానీ మా ఇంట్లోనే మూడు దేశాల లెక్కలున్నాయి. తమ్ముడు జర్మనీలో ఇంజనీరు. వదిన ఇంగ్లండ్‌లో నర్సు, అన్న ఆమె డిపెండెంట్‌గా వెళ్లాడు. మేనమామ కువైట్‌లో డ్రైవరు, వెళ్లి ఇరవై రెండేళ్లయింది. వీళ్లందరి రాకపోకలూ ఒక పొడుగు నోటుబుక్కులో నేనే రాస్తూ వచ్చాను. ఊరు వదిలి ఎన్నేళ్లయిందన్నది ఏ దేశానికీ పట్టదని ఆ రాతకోతల్లోనే తెలిసింది. ఏ కాగితం మీద ఉన్నావు, ఎన్ని రోజులున్నావు, మధ్యలో ఎంతకాలం బయట ఉన్నావు, వాళ్లకు కావలసింది ఇదే.

ఐదేళ్లు అంటే ఏ రోజు నుంచి లెక్క?

చెన్నైలో విమానం ఎక్కిన రోజు నుంచి అనుకుంటారు అందరూ. లెక్కకు పనికొచ్చే వీసా లేదా రెసిడెన్స్ పర్మిట్ మీద అక్కడ ఉండటం మొదలైన రోజు నుంచి అన్నది సరైన మాట. యూరోపియన్ యూనియన్‌లో దీనికి మూలం 2003లో వచ్చిన దీర్ఘకాల నివాసం డైరెక్టివ్, అంటే యూనియన్ దేశాలకు ఉమ్మడిగా ఇచ్చిన ఆదేశం. దరఖాస్తుకు ముందు వరసగా ఐదేళ్లు చట్టబద్ధంగా ఆ దేశంలో ఉండాలని అది చెప్తుంది. సీజనల్ పనికి వెళ్లిన నెలలు, ఇక్కడి కంపెనీ ప్రాజెక్టు మీద తాత్కాలికంగా పంపిన నెలలు అందులో కలవవు. డెన్మార్క్, ఐర్లండ్ ఈ డైరెక్టివ్‌లో లేవు, వాటి లెక్కలు వాటివే.

"దరఖాస్తుకు ముందు" అన్న మాట దగ్గర కాస్త ఆగండి. లెక్క వెనక్కి వేస్తారు. 2012 నుంచి 2015 దాకా ఇటలీలో పనిచేసి, ఇంటికొచ్చి నాలుగేళ్లు రొయ్యల చెరువులు చూసుకుని, 2019లో మళ్లీ వెళ్లినవాడికి ఆ పాత మూడేళ్లు అక్కరకు రావు. ఇది చెప్తే ఒకాయన నా మీదే కోప్పడ్డాడు. నేనేం చేసేది?

ఆర్నెల్లు దాటి ఇండియాలో ఉంటే అన్నీ పోతాయంట. నిజమేనా?

ఎక్కువ టెన్షన్ దీని గురించే. జనం నోట్లో "ఆర్నెల్లు" అనేది ఒకటే మాటగానీ, దాని వెనక మూడు వేరువేరు సంగతులున్నాయి. ఒకటి, చేతిలో ఉన్న పర్మిట్ రద్దవడం. రెండు, పీఆర్ కోసం నడుస్తున్న లెక్క తెగిపోవడం. మూడు, వచ్చిన పీఆర్ పోవడం.

తమ్ముడి జర్మనీనే చూద్దాం. మామూలు వర్క్ పర్మిట్ మీద ఉన్నవాడు ఆరు నెలలకు మించి జర్మనీ బయట ఉంటే ఆ పర్మిట్ దానంతటదే చెల్లకుండా పోతుంది. బ్లూ కార్డు (పెద్ద చదువు, మంచి జీతం ఉన్న ఉద్యోగులకు యూరప్‌లో ఇచ్చే పర్మిట్) ఉన్నవాడికి మాత్రం పన్నెండు నెలల వరకు వెసులుబాటు ఉంది. ఇది పర్మిట్ సంగతి.

లెక్క సంగతి వేరు. యూరోపియన్ డైరెక్టివ్ కింద ఐదేళ్లలో ఒక్కో ప్రయాణం ఆరు నెలల లోపే ఉండాలి, అన్ని ప్రయాణాలూ కలిపి పది నెలలు దాటకూడదు. ఈ రెంటికీ లోబడితే బయట ఉన్న రోజులు కూడా ఐదేళ్లలో కలిసిపోతాయి, వాటిని తీసేయరు. మనవాళ్లకు ఇది తెలియక "నాలుగు నెలలు ఇండియాలో ఉన్నాం కాబట్టి ఐదేళ్ల నాలుగు నెలలకు అప్లై చేయాలి" అని అనవసరంగా ఆగుతారు. బ్లూ కార్డు వాళ్లకు ఇక్కడ కూడా గడువు ఎక్కువే: ఒక్కో ప్రయాణం పన్నెండు నెలల లోపు, మొత్తం పద్దెనిమిది నెలలు.

మూడోదాని గురించి కింద విడిగా రాశాను.

ఏటా రొట్టెల పండగకు వచ్చి నెల రోజులు ఉంటే లెక్క తెగుతుందా?

తెగదు. ఏడాదికి నాలుగు వారాల చొప్పున ఐదేళ్లకు 140 రోజులు. పది నెలల్లో సగం కూడా కాలేదు. స్వర్ణాల చెరువులో విదేశం రొట్టె పట్టుకుని వెళ్లినవాళ్లు కోరిక తీరాక వచ్చి రొట్టె వదలాలి కదా, నిశ్చింతగా రావచ్చు.

ఇంగ్లండ్‌లో 180 రోజులంటారు. జనవరి నుంచి డిసెంబరు దాకానా?

కాదు. నర్సుల కుటుంబాల్లో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఐదేళ్లు ఉంటే ఐఎల్ఆర్‌కి, అంటే అక్కడి పీఆర్‌కి, అప్లై చేయవచ్చు అన్నది చాలాకాలంగా నడుస్తున్న పద్ధతి. హెల్త్ అండ్ కేర్ వీసా కూడా ఇందులోదే. షరతు ఏమిటంటే, ఆ ఐదేళ్లలో ఏ పన్నెండు నెలలు తీసుకున్నా దేశం బయట 180 రోజులు దాటకూడదు. ఏ పన్నెండు నెలలైనా సరే. కిటికీ లాంటి చట్రం ఒకటి చేసి క్యాలెండర్ మీద రోజుకొక గడి చొప్పున జరుపుకుంటూ పోతే, ఎక్కడ ఆపినా లోపల 180కి మించి కనపడకూడదు.

వదినకు 2023 జూలైలో పాప పుట్టింది. ఏడాది ప్రసూతి సెలవు. సెప్టెంబరు 1న పాపను తీసుకుని లండన్ నుంచి బయల్దేరి డిసెంబరు 1న తిరిగి దిగింది. బయల్దేరిన రోజు, దిగిన రోజు పోను పూర్తిగా బయట ఉన్న రోజులు: సెప్టెంబరులో 29, అక్టోబరులో 31, నవంబరులో 30, మొత్తం 90. మళ్లీ 2024 మార్చి 10న లండన్‌లో విమానం ఎక్కింది. తిరుగు టికెట్ జూన్ 20కి చేశారు. మార్చిలో 21, ఏప్రిల్ 30, మే 31, జూన్‌లో 19, మొత్తం 101.

అన్న ఫోన్‌లో ధీమాగా అన్నాడు: "2023లో తొంభై, 2024లో నూటొకటి, రెండూ నూట ఎనభై లోపే కదరా." క్యాలెండర్ ఏడాది ప్రకారమైతే నిజమే. కానీ 2023 సెప్టెంబరు 2 నుంచి 2024 సెప్టెంబరు 1 దాకా చట్రం పెడితే రెండు ప్రయాణాలూ దాని లోపలికే వస్తాయి. 191. పదకొండు రోజులు ఎక్కువ. నోటుబుక్కులో ఎర్ర ఇంకుతో గీత గీసి ఆ పేజీ ఫొటో పంపాను. టికెట్ జూన్ 8కి మార్చుకున్నారు, మార్చినందుకు డబ్బు కట్టాల్సి వచ్చింది. మొత్తం 179 దగ్గర ఆగింది. ఆ పన్నెండు రోజుల కోసం అమ్మ నా మీద వారం పాటు అలిగింది, మనవరాల్ని నేనే పంపించేశానని.

ఇంకో మాట. వదినది ప్రసూతి సెలవు కాబట్టి సరిపోయింది. జీతం లేని మామూలు సెలవు ఏడాదిలో నాలుగు వారాలు దాటితే అక్కడి కంపెనీ స్పాన్సర్‌షిప్‌ని, అంటే వీసాకు ఇచ్చే పూచీని, ఆపేయాల్సి ఉంటుంది. అప్పుడు 180 దాకా వెళ్లకుండానే వీసాకు ఎసరు. రోజులు మిగిలాయి కదా అని సెలవు పొడిగించే ముందు అక్కడి హెచ్ఆర్‌ని అడగండి.

బయల్దేరిన రోజు, దిగిన రోజు ఎటువైపు పడతాయి?

ఇంగ్లండ్‌లో పూర్తిగా బయట ఉన్న రోజులే లెక్క, పైన చూపించాను. కెనడా పౌరసత్వం లెక్కలో కూడా వెళ్లిన రోజు, వచ్చిన రోజు రెండూ కెనడాలో ఉన్నట్టే. అమెరికాలో హెచ్1బీ (అక్కడి ఉద్యోగ వీసా) కాలాన్ని తిరిగి రాబట్టుకోవాలంటే, దాని సంగతి కింద రాశాను, ఇరవై నాలుగు గంటలూ బయట గడిచిన రోజే చూపాలి.

తేదీ విషయంలో మనవాళ్లు చేసే తప్పు ఒకటుంది. కావలి నుంచి 5వ తేదీ రాత్రి కారులో బయల్దేరతారు. తడ దాటేసరికి తెల్లారుజాము, ఫ్లైట్ 6వ తేదీన. ఫారంలో 5 అని రాస్తారు, స్టాంపులో 6 ఉంటుంది. పైగా అక్కడి వాళ్లకు కావలసింది వాళ్ల దేశం వదిలిన తేదీ, మళ్లీ వాళ్ల గడ్డ మీద దిగిన తేదీ. మనం ఇంట్లోంచి కదిలిన తేదీతో వాళ్లకు పనిలేదు.

చదువుకున్న ఏళ్లు కలుస్తాయా?

దేశాన్ని బట్టి. ఈ ప్రశ్నకు షాపులో నేను ఎప్పుడూ తొందరపడి జవాబు చెప్పను.

యూరోపియన్ డైరెక్టివ్ కింద చదువు కాలం సగం కలుస్తుంది. తమ్ముడు 2019 అక్టోబరులో మాస్టర్స్‌కి వెళ్లాడు. 2022 మార్చి 1 నుంచి బ్లూ కార్డు. స్టూడెంటుగా 29 నెలలు, అందులో సగం పద్నాలుగున్నర. 60 నెలలకు ఇంకా నలభై ఐదున్నర కావాలి. అంటే యూరోపియన్ దీర్ఘకాల నివాసానికి 2025 డిసెంబరు నడిమికి అర్హత. జర్మనీ సొంత పీఆర్‌కి మరీ అంతకాలం ఆగక్కర్లేదు, అది తర్వాతి ప్రశ్నలో.

ఇంగ్లండ్‌లో స్టూడెంట్ వీసా రోజులు ఐదేళ్ల దారిలో ఒక్కటి కూడా కలవవు. పదేళ్ల లాంగ్ రెసిడెన్స్ అని ఇంకో దారి ఉంది, అందులో కలుస్తాయి. ఐర్లండ్‌లో పౌరసత్వం లెక్కకు స్టాంప్ 2 (అక్కడి స్టూడెంట్ పర్మిట్) మీద చదివిన కాలం పనికిరాదు. కెనడాలో చదువుకుంటూ చేసిన పార్ట్‌టైమ్ ఉద్యోగం కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్‌లోకి, అంటే అక్కడి పని అనుభవం మీద పీఆర్ ఇచ్చే దారిలోకి, రాదు. పీఆర్ వచ్చాక పౌరసత్వానికి అప్లై చేసేటప్పుడు మాత్రం పీఆర్‌కి ముందు గడిపిన ఒక్కో రోజూ అర రోజుగా, గరిష్ఠంగా 365 రోజుల దాకా కలుస్తుంది.

జర్మనీలో ఎవరికో 21 నెలలకే పీఆర్ వచ్చిందంట. మావాడికి ఐదేళ్లంటున్నారు. మోసమా?

మోసం కాదు. బ్లూ కార్డు మీద పనిచేస్తూ, పెన్షన్ ఫండ్ కట్టుకుంటూ, జర్మన్ భాషలో బీ1 (మధ్యస్థ) స్థాయి పాసైతే 21 నెలలకు అర్హత వస్తుంది. ఏ1 (మొదటి మెట్టు) స్థాయితో సరిపెట్టుకుంటే 27 నెలలు. 2023 నవంబరుకు ముందు ఇది 33 ఉండేది, తగ్గించారు. బ్లూ కార్డు లేకుండా నిపుణ ఉద్యోగి పర్మిట్ మీద ఉన్నవాళ్లకు మూడేళ్లు, జర్మనీలోనే డిగ్రీ చేసినవాళ్లకు రెండేళ్లు. ఇవేవీ వర్తించకపోతే ఐదేళ్లు, 60 నెలల పెన్షన్ చెల్లింపులు.

మా తమ్ముడు బీ1 రాయడానికి బద్ధకించాడు. "ఆఫీసులో అంతా ఇంగ్లిషే కదా" అన్నాడు. 2023 నవంబరు చివరకు అయిపోయే లెక్క 2024 మే చివరి దాకా సాగింది. భాష పరీక్షకు ఆరు నెలల విలువ.

ఒక దేశంలో మూడేళ్లు, ఇంకో దేశంలో రెండేళ్లు చేస్తే కలుపుతారా?

మామూలుగా కలపరు. బ్లూ కార్డు వాళ్లకు యూరోపియన్ యూనియన్ లోపల కలుపుతారు: మొత్తం ఐదేళ్లు అయ్యుండాలి, ఆఖరి రెండేళ్లు అప్లై చేసే దేశంలోనే గడపాలి. కువైట్‌లో చేసిన పదేళ్లు జర్మనీలో కలుస్తాయా అని అడిగినవాళ్లూ ఉన్నారు. కలవవు.

కంపెనీ మారితే లెక్క మళ్లీ మొదటికొస్తుందా?

కంపెనీ మారినంత మాత్రాన రాదు. రెండు ఉద్యోగాల మధ్య కాగితం లేని ఖాళీ వస్తేనే ప్రమాదం. ఇంగ్లండ్‌లో కొత్త స్పాన్సర్ కింద వీసా మార్చుకుంటే పాత రోజులు అలాగే నిలుస్తాయి. ఉద్యోగం పోతే సాధారణంగా అరవై రోజులు చేతిలో ఉంటాయి. అమెరికాలో హెచ్1బీ వాళ్లకూ అరవై రోజుల దాకానే. యూరప్ బ్లూ కార్డు కొత్త నియమాల్లో మూడు నెలలు, కార్డు వచ్చి రెండేళ్లు దాటితే ఆరు నెలలు.

ఆస్ట్రేలియాలో ఉద్యోగి వీసా నుంచి 186 వీసాకు (యజమాని పూచీ మీద ఇచ్చే పీఆర్ వీసా) వెళ్లడానికి గత మూడేళ్లలో రెండేళ్లు పని చూపాలి. 2024 డిసెంబరు నుంచి ఆ రెండేళ్లూ ఒకే యజమాని దగ్గర చేసి ఉండాలన్న పట్టు సడలింది, వేరువేరు గుర్తింపు స్పాన్సర్ల దగ్గర చేసిన కాలం కూడా కలుస్తుంది.

కార్డు గడువు అయిపోయింది, రెన్యూవల్ అపాయింట్‌మెంట్ దొరకలేదు. ఆ నెలలు పోయినట్టేనా?

అయిపోకముందే అప్లై చేశారా, అయిపోయాకా? అంతా దీనిమీదే. జర్మనీలో గడువు లోపల అప్లై చేస్తే నిర్ణయం వచ్చేదాకా పాత పర్మిట్ కొనసాగుతున్నట్టే లెక్క. దానికొక కాగితం ఇస్తారు, పేరు ఫిక్సియోన్స్‌బెషైనిగుంగ్. మా తమ్ముడు ఫోన్‌లో ఆ పేరు చెప్తే మా నాన్న ఏదో జబ్బు పేరనుకుని కంగారుపడ్డాడు. ఆ కాగితం పారేయకూడదు, తర్వాత లెక్కలో ఆ నెలలకు అదే సాక్ష్యం. గడువు దాటాక అప్లై చేస్తే మధ్యలో చిల్లు పడుతుంది, దాన్ని మన్నించాలా వద్దా అన్నది అధికారి చేతిలో ఉంటుంది.

హెచ్1బీలో పదేళ్లున్నాడు. గ్రీన్‌కార్డు ఎందుకు రాదు?

అమెరికాలో ఉద్యోగుల గ్రీన్‌కార్డుకు నివాస కాలంతో సంబంధమే లేదు కాబట్టి. అక్కడ క్యూ. మీ ప్రయారిటీ డేట్, అంటే క్యూలో మీ చోటు ఖాయమైన తేదీ, వంతు రావాలి. ఏడాదికి ఒక్కో దేశానికి ఏడు శాతం అనే పరిమితి ఉండటంతో మనవాళ్ల క్యూ కదలదు. పదేళ్లున్నా, పదిహేనేళ్లున్నా ఆ ఏళ్లు వంతును ముందుకు జరపవు.

రోజుల లెక్క పనికొచ్చేది వేరే చోట. హెచ్1బీకి ఆరేళ్ల పరిమితి ఉంది కదా, అందులో అమెరికా బయట గడిపిన పూర్తి రోజులను తిరిగి అడిగి కలుపుకోవచ్చు. సంక్రాంతికి వచ్చిన ఇరవై రోజులు, చెల్లెలి పెళ్లికి ఉన్న నెల, అన్నీ పోగేస్తే రెండు మూడు నెలలు వస్తాయి. గ్రీన్‌కార్డు ఫైలింగ్‌కి టైమ్ చాలనప్పుడు ఆ నెలలే ఆదుకుంటాయి.

గ్రీన్‌కార్డు వచ్చాకే అసలు నివాస లెక్క మొదలు. పౌరసత్వానికి ఐదేళ్లు, అందులో కనీసం ముప్పై నెలలు ఒంటితో అక్కడ ఉండాలి. ఒక్క ప్రయాణం ఆరు నెలలు దాటితే నివాసం తెగిందని ముందే అనుకుంటారు, తెగలేదని మీరు నిరూపించుకోవాలి. ఏడాది దాటితే తెగినట్టే.

కువైట్‌లో ఇరవై ఏళ్లు చేస్తే ఏమీ ఇవ్వరా?

మా మామ బిస్కెట్ డబ్బాలో పాత సివిల్ ఐడీలు రబ్బరుబ్యాండు వేసి దాచుకున్నాడు. మొదటి కార్డులో నల్ల మీసం, ఆఖరి దాంట్లో తెల్ల మీసం. ఒకటొకటిగా టేబుల్ మీద పరిచి, "ఇన్ని కార్డులున్నాయి కదరా, ఏదో ఒక హక్కు ఉండదా?" అని అడిగాడు. ఉండదు మామా అని చెప్పడానికి నోరు రాలేదు. అక్కడ అకామా అంటే ఉద్యోగానికి ముడిపెట్టిన అనుమతి. ఎన్నిసార్లు రెన్యూవల్ చేసినా ఏళ్లు కూడి పీఆర్‌గా మారవు.

ఆర్నెల్ల భయం మాత్రం అక్కడా ఉంది. కువైట్ బయట ఆరు నెలలు దాటితే రెసిడెన్సీ పోతుంది. అమ్మమ్మ తుంటి ఎముక విరిగినప్పుడు మామ ఐదున్నర నెలలుండి, మంచంలో ఉన్న తల్లిని వదిలి విమానమెక్కాడు. యూఏఈలో కూడా మామూలు రెసిడెన్స్ వీసాకు ఆరు నెలలే, పదేళ్ల గోల్డెన్ వీసాకు ఆ పట్టింపు లేదు.

గల్ఫ్‌లో కాలానికి విలువ ఇచ్చిన చట్టం ఖతర్ 2018లో తెచ్చింది. బయటి దేశంలో పుట్టినవాళ్లు వరసగా ఇరవై ఏళ్లు అక్కడ ఉండాలి, ఏడాదిలో అరవై రోజులకు మించి బయటికి వెళ్లకూడదు. అన్నీ కుదిరినా ఏడాదికి వందమందికే. సౌదీలో 2019 నుంచి ప్రీమియం రెసిడెన్సీ ఉంది, అది ఏళ్లకు కాక డబ్బుకు ఇచ్చేది: శాశ్వతానికి ఎనిమిది లక్షల రియాళ్లు. ఉదయగిరి నుంచి పనికి పోయినవాడికి ఆ మాట చెప్పి ఏం లాభం.

భార్య లెక్కలో భర్త లెక్క కలుస్తుందా?

ఎవరి గడియారం వాళ్లది. మా అన్న వదిన వెళ్లిన ఎనిమిది నెలలకు వెళ్లాడు. ఆమెకు ఐదేళ్లు నిండినప్పుడు అతనికి నిండవు. 180 రోజుల షరతు కూడా ఇద్దరికీ విడివిడిగా చూస్తారు. ఒకరు బయట ఎక్కువున్నారని రెండోవాళ్ల లెక్క చెడదు.

ఒంగోల్లో ఇంటి నుంచి అక్కడి కంపెనీకి పనిచేస్తూ టాక్స్ కూడా అక్కడే కట్టాను. ఆ రోజులు?

బయట ఉన్న రోజులే. జీతం ఎక్కడ పడిందో కాదు, మనిషి ఎక్కడ ఉన్నాడో చూస్తారు. లాప్‌టాప్ జర్మనీ సర్వర్‌కి కలిపి ఉన్నా మీరు మంగమూరు రోడ్డులో ఉన్నట్టే.

ఇంట్లో చావుబతుకుల సమస్య వచ్చి ఎక్కువ రోజులు ఉండాల్సి వస్తే?

ఇంగ్లండ్ నియమాల్లో దీనికి చోటు ఉంది. దగ్గరివాళ్ల ప్రాణాంతక జబ్బు, మరణం, ప్రకృతి విపత్తుతోనో యుద్ధంతోనో ప్రయాణం ఆగిపోవడం లాంటి కారణాలతో బయట ఉన్న రోజులను 180లో కలపకుండా వదిలేయమని అడగవచ్చు. నోటిమాట చాలదు. ఆసుపత్రి డిశ్చార్జ్ సమ్మరీ, మరణ ధ్రువపత్రం, రద్దయిన టికెట్ వంటివి చూపాలి. మనవాళ్లు కర్మకాండ అయిపోగానే ఆసుపత్రి ఫైలు కళ్ల ముందు ఉండకూడదని తీసేస్తారు. తీసేయకండి, నాలుగేళ్ల తర్వాత అడుగుతారు.

ఇన్ని తేదీలకు రుజువేంటి? స్టాంపులు సరిగా కనపడటం లేదు.

ఇంగ్లండ్ నుంచి బయటికెళ్లేటప్పుడు అసలు స్టాంపే వేయరు. యూరప్‌లో రెసిడెన్స్ పర్మిట్ ఉన్నవాళ్లకు చాలాసార్లు వేయరు. అందుకే మన చెన్నై, హైదరాబాద్ ఇమిగ్రేషన్ స్టాంపులే ఆధారం: ఇండియాలోకి వచ్చిన తేదీ, వెళ్లిన తేదీ. అవి కూడా ఒకదాని మీద ఒకటి కొడతారు. మామ పాస్‌పోర్టులో ఒకచోట 3 అని ఉందో 8 అని ఉందో తేల్చడానికి భూతద్దం తెచ్చాం, మొబైల్‌తో పెద్దది చేశాం, చివరికి పాత మెయిల్‌లో ఈ-టికెట్ దొరికితే తేలింది, 8.

బోర్డింగ్ పాస్ ఫొటో, ఈ-టికెట్ పీడీఎఫ్, సెలవు మంజూరు మెయిల్, జీతం స్లిప్పులు ప్రయాణం అయిన వారంలోనే ఒక ఫోల్డర్‌లో వేసేయండి. బోర్డింగ్ పాస్ మీద సిరా ఏడాదిన్నరకే ఎగిరిపోతుంది, ఫొటో తీయకపోతే తెల్ల కాగితం మిగులుతుంది.

పీఆర్ వచ్చేసింది. ఇంక ఊళ్లో హాయిగా ఉండొచ్చా?

కొంతకాలం. జర్మనీ సొంత పీఆర్ ఆరు నెలలు బయట ఉంటే పోతుంది, కొందరికి మినహాయింపులున్నాయి. యూరోపియన్ దీర్ఘకాల నివాస హోదా అయితే యూనియన్ బయట వరసగా పన్నెండు నెలలుంటే పోతుంది, బ్లూ కార్డు మీదుగా వచ్చినవాళ్లకు ఇరవై నాలుగు. 2022 జనవరిలో యూరోపియన్ కోర్టు ఆస్ట్రియా నుంచి వచ్చిన కేసులో, పన్నెండు నెలల్లో కొద్దిరోజులు వెళ్లి అక్కడ ఉన్నా ఆ హోదా నిలుస్తుందని తీర్పిచ్చింది. ముసలి తల్లిదండ్రులను చూసుకోవాల్సినవాళ్లకు ఇది పెద్ద ఊరట. అందుకే జర్మనీలో రెండూ దొరికే అవకాశం ఉంటే, రెండోది ఆలస్యమైనా తీసుకోమని తమ్ముడికి చెప్పాను.

కెనడా పీఆర్ నిలవాలంటే ఐదేళ్లలో 730 రోజులు అక్కడ ఉండాలి. కెనడా పౌరుడైన భర్తతోనో భార్యతోనో బయట ఉన్న రోజులు కూడా కలుస్తాయి.

ఇండియా టాక్స్ వాళ్ల 182 రోజులూ ఇదీ ఒకటేనా?

కాదు. అది ఏప్రిల్ నుంచి మార్చి దాకా, మీరు ఇండియాలో ఎన్ని రోజులున్నారనే లెక్క. ఎన్ఆర్ఐ హోదా కోసం. నోటుబుక్కు ఒకటే చాలు, కూడికలు రెండు వేరుగా వేసుకోవాలి.

మధ్యలో రూల్ మారితే పాతవాళ్ల పరిస్థితి?

ఇంగ్లండ్ గురించే అందరూ అడుగుతున్నారు. 2025 మేలో అక్కడి ప్రభుత్వం ఐదేళ్లను పదేళ్లు చేయాలని ప్రతిపాదించింది. ఇలాంటప్పుడు వాట్సాప్‌లో వచ్చిన వాయిస్ మెసేజ్ విని భయపడకండి, ఏజెంటు "నాకు తెలిసినవాళ్లున్నారు" అంటే నమ్మకండి. అప్లై చేసే వారం అక్కడి ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉన్న నియమమే చూడండి. స్కిల్డ్ వర్కర్ దారిలో కాలం నిండటానికి 28 రోజుల ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఆ వెసులుబాటు ఉన్నప్పుడు వాడుకోండి. అంతకంటే ముందు పెడితే తిరస్కరిస్తారు, ఫీజు కూడా వెనక్కి రాదు.

లెక్క వేయించుకోవడానికి వచ్చేటప్పుడు ఏం తేవాలి?

పాత పాస్‌పోర్టు కూడా. రెన్యూవల్ అయ్యాక మూల కత్తిరించి ఇచ్చిన పుస్తకాన్ని చాలామంది బీరువా అడుగున పడేస్తారు, సగం స్టాంపులు అందులోనే ఉంటాయి. పర్మిట్ కార్డుల రెండు వైపులా ఫొటోలు, టికెట్ల మెయిల్స్, ఒక పెన్సిల్. పెన్సిల్ ఎందుకంటే మొదటిసారి వేసిన కూడిక ఎవరిదీ సరిగ్గా రాదు, నాదీ రాదు. మధ్యాహ్నం రెండు తర్వాత రండి, పొద్దున స్కూలు పిల్లల జిరాక్స్‌లతో తల ఎత్తే తీరిక ఉండదు.